అత్తరు, గులాబ్ జల్, కేవడా: సీసాలో ఏముంది, చర్మం మీద ఏం చేస్తుంది?

జుమా రోజు గుసుల్ తర్వాత చెవి మడతలో అత్తరు దూది. మాంఝా రోజు పెళ్లికూతురి ఉబ్టన్‌లో గులాబ్ జల్. బిర్యానీ దమ్ మీద నాలుగు చుక్కలు కేవడా. ఆఖరి స్నానంలో కాఫూర్. ముస్లిం ఇళ్లలో సుగంధం లేని సందర్భం వెతికినా దొరకదు. ప్రవక్త (స) సుగంధాన్ని ఎవరిచ్చినా కాదనేవారు కాదని హదీసుల్లో ఉంది కాబట్టి, అత్తరు ఇస్తే వద్దనడం పెద్దవాళ్లు మర్యాదగా అనుకోరు.

ఈ మధ్య ఆ అలమారాలోకి కొత్త సీసాలు వచ్చి చేరాయి. టీ ట్రీ, లావెండర్, పెప్పర్‌మింట్, నిమ్మగడ్డి అంటూ పది మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు సీసాలు, మీద 'ఎసెన్షియల్ ఆయిల్' అనే లేబుల్. నానీ వాడిన గులాబ్ జల్ లాంటిదే కదా అని ఇవి కూడా నేరుగా ముఖానికి రాసేస్తున్నారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అది తెలియకపోతే ముందు చర్మం పాడవుతుంది, తర్వాత డబ్బు పోతుంది.

రూహ్, అత్తరు, అర్ఖ్: మూడూ వేరు

పూలను నీళ్లలో వేసి మరిగిస్తే ఆవిరితో పాటు వాటి వాసన నూనె కూడా పైకి లేస్తుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్లు, వాటి మీద పలుచగా తేలే నూనె దొరుకుతాయి. ఆ నూనెనే విడిగా తీస్తే రూహ్, అంటే ఇంగ్లిష్ వాళ్ల ఎసెన్షియల్ ఆయిల్. కింద మిగిలిన వాసన నీళ్లు అర్ఖ్, మనం వాడుకలో గులాబ్ జల్ అనేది ఇదే. అదే ఆవిరిని చందనం నూనెలోకి పంపి, ఆ నూనె వాసనను పీల్చుకునేలా చేస్తే అత్తరు. రూహ్ చాలా గాఢంగా ఉంటుంది, అర్ఖ్ చాలా పలుచన. అత్తరు మధ్యలో ఉంటుంది.

నాలుగోది కూడా ఉంది, బజార్లో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. ప్రయోగశాలలో తయారైన వాసన రసాయనాన్ని ఏదో ఒక నూనెలో కలిపి చేసిన 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్'. బట్టలకు రాసుకోవడానికి వాడితే ఇందులో తప్పేమీ లేదు, కొన్ని మంచి వాసనే వేస్తాయి. దాన్ని 'ప్యూర్ నేచురల్' అని చెప్పి అమ్మడంతోనే పేచీ.

గులాబ్ జల్‌ను ఇబ్న్ సీనా కనిపెట్టాడని ఇళ్లలో చెప్పుకుంటారు. ఆయన 1037లో చనిపోయారు. కానీ అంతకు చాలా ముందే, తొమ్మిదో శతాబ్దంలో, అల్ కిందీ సుగంధాల తయారీ గురించి, ఆవిరి పట్టే పద్ధతుల గురించి ఒక పుస్తకమే రాశారు. గులాబీ అత్తరు కథ కూడా అలాంటిదే. అందరూ నూర్జహాన్ పేరు చెబుతారు. జహంగీర్ చక్రవర్తి మాత్రం తన స్వీయచరిత్రలో ఆ ఘనత నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. వేడి గులాబ్ జల్ గిన్నెల మీద తేలిన నురుగు లాంటి నూనెను ఆమె గమనించి తీసిందట. కూతురు మహారాణి కావడంతో పేరు కూడా ఆమెకే వెళ్లిపోయినట్టుంది. దక్కన్ కూడా వెనకబడలేదు. బీజాపూర్ ఆదిల్ షాహీల కాలంలో సుగంధాల మీద 'ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ' అనే ఫార్సీ గ్రంథం వచ్చింది.

కన్నౌజ్ రాగి డేగ్‌లు

హైదరాబాద్‌లో చార్మినార్, పత్తర్‌గట్టీ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో కూర్చుంటే ప్రతి మూడో మాట కన్నౌజ్ గురించే. ఉత్తరప్రదేశ్‌లో గంగ దగ్గర ఉన్న ఈ ఊరి అత్తరుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, ఉంది. కేంద్ర ప్రభుత్వం 1991లో పెట్టిన సుగంధ, రుచి అభివృద్ధి కేంద్రం కూడా అక్కడే ఉంది.

అక్కడి పద్ధతి పేరు డేగ్-భప్కా. పెద్ద రాగి డేగ్‌లో పూలు, నీళ్లు వేసి మూత పెట్టి, అంచుల చుట్టూ మట్టి, దూది కలిపిన ముద్దతో సందు లేకుండా మూసేస్తారు. దమ్ బిర్యానీ హండీకి పిండి చుట్టినట్టే. డేగ్ మూత నుంచి వెదురు గొట్టం ఒకటి ఏటవాలుగా దిగి భప్కా అనే రాగి పాత్రలోకి వెళ్తుంది. భప్కా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. అందులో ముందే చందనం నూనె పోసి ఉంచుతారు. కింద కట్టెల పొయ్యి. మంట ఎంత ఉండాలో చెప్పడానికి మీటర్ ఏమీ ఉండదు, పనివాడు చేత్తో తాకి, చెవితో విని సర్దుతాడు. పాత పద్ధతిలో తయారైన అత్తరును తోలు కుప్పీల్లో పోసి పెడితే మిగిలిన తేమ తోలు గుండా ఆవిరైపోతుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే చందనం దగ్గర. అడవుల్లో చందనం తగ్గిపోయి నూనె ధర ఆకాశానికి ఎక్కింది. దాంతో చాలామంది తయారీదారులు భప్కాలో చందనం నూనెకు బదులు లిక్విడ్ పారాఫిన్ లాంటి చౌక ద్రవాలు పోయడం మొదలుపెట్టారు. పూలు నిజమే, పద్ధతీ నిజమే, పట్టిన నూనె మాత్రం వేరు. కాబట్టి 'కన్నౌజ్ అత్తరా?' అని అడిగితే సరిపోదు, 'బేస్ ఏంటి?' అని కూడా అడగాలి.

ఇక్కడే ఒక పొరపాటు కూడా సరిదిద్దుకోవాలి. శేషాచలం అడవుల ఎర్రచందనం వేరు, అత్తరుకు వాడే తెల్ల చందనం వేరు. ఎర్రచందనం చెక్కలో తెల్ల చందనంలా పరిమళించే నూనె ఉండదు, అది రంగుకు, చెక్క అందానికి పేరుపొందిన చెట్టు. 'ఎర్రచందనం సుగంధ తైలం, ముఖం తెల్లబడుతుంది' అని ఎవరైనా అమ్మితే ఆ సీసా అక్కడే పెట్టేసి రావచ్చు.

లెక్క వేసి చూడండి

అసలు నకిలీ తేల్చడానికి ముక్కు కంటే క్యాలిక్యులేటర్ బాగా పనిచేస్తుంది. కిలో గులాబీ రూహ్ కావాలంటే సుమారు మూడు నుంచి ఐదు టన్నుల పూలు పడతాయి. అవి కూడా మన బొకే గులాబీలు కావు, దమస్కస్ జాతి సువాసన గులాబీలు, తెల్లవారుజామున కోసినవి. మధ్యలో నాలుగు టన్నులు అనుకుందాం. అంటే పది గ్రాముల రూహ్‌కు 40 కిలోల పూలు. తోట దగ్గర కిలో పూలు 100 రూపాయలకే దొరికాయని అనుకున్నా, పూలకే 4,000 రూపాయలు. కట్టెలు, కూలి, రవాణా, దుకాణం అద్దె, లాభం ఇంకా కలపలేదు. మరి పది మిల్లీలీటర్ల 'వంద శాతం ప్యూర్ రోజ్ ఎసెన్షియల్ ఆయిల్' 199 రూపాయలకు ఎలా వస్తుంది? రాదు. అందులో ఉన్నది వేరే ఏదో.

అయితే చౌక నూనె అంటే ప్రతిదీ నకిలీ కాదు. నిమ్మగడ్డి, నీలగిరి ఆకుల్లో నూనె ధారాళంగా ఉంటుంది, ధర తక్కువే. నిమ్మగడ్డి, పామరోజా పంటలు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో శాఖ ఉంది. ధర చూసి అనుమానించాల్సింది గులాబీ, మల్లె, చందనం, ఊద్ పేర్లతో వచ్చే సీసాలను.

ఇంట్లో కాగితం మీద చుక్క వేసి మరక పడితే నకిలీ అనే పరీక్ష ఒకటి అందరూ చెబుతుంటారు. దాని మీద ఆధారపడలేం. చందనం బేస్ ఉన్న అసలు అత్తరు కూడా మరక వదులుతుంది. గట్టిగా తేలాలంటే ల్యాబ్‌లో చేసే జీసీ-ఎంఎస్ పరీక్ష ఉంది. పెద్ద మొత్తంలో కొనేవాళ్లు ఆ రిపోర్టు అడగాలి.

మన పక్కనే ఉన్న మొగలి

కేవడా అంటే మన మొగలి పువ్వు. దేశంలో కేవడా వ్యాపారానికి పెట్టింది పేరు ఒడిశాలోని గంజాం జిల్లా, శ్రీకాకుళం ఇచ్ఛాపురం దాటితే వచ్చేది అదే. సముద్రపు ఇసుక నేలల్లో పెరిగే ఈ పొదల్లో మగ పువ్వుకే ఆ వాసన. గంజాం కేవడా రూహ్‌కు కూడా జీఐ గుర్తింపు ఉంది. అంత దగ్గర నుంచి వచ్చే సరుకు అయినా, కిరాణా కొట్లో దొరికే కేవడా నీళ్లు చాలావరకు ఎసెన్స్ కలిపినవే.

ఒక జాగ్రత్త. బిర్యానీలో, షీర్ ఖుర్మాలో వేసేది తినే సరుకు. దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉండాలి. ముఖానికి అమ్మే గులాబ్ జల్ సౌందర్య సామగ్రి కింద వస్తుంది, దాన్ని ఖీర్‌లో పోయకూడదు. ఒకే కంపెనీ, ఒకేలాంటి సీసా అయినా సరే, లేబుల్ తిప్పి చూడాల్సిందే.

గులాబ్ జల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

చల్లదనం ఇస్తుంది. ఎండలోంచి వచ్చినప్పుడు దూదితో తుడుచుకుంటే హాయిగా ఉంటుంది. ఉబ్టన్, ముల్తానీ మట్టి కలపడానికి మామూలు నీళ్ల కంటే వాసనగా ఉంటుంది. చాలామంది చర్మానికి పడుతుంది. అంతవరకే. మచ్చలు పోగొట్టడం, రంగు తెల్లబరచడం, ముడతలు ఆపడం దీని వల్ల అయ్యే పనులు కావు. ముల్తానీ మట్టి వేసి ముఖం బిగిసేదాకా ఆరబెట్టి తర్వాత ఏమీ రాసుకోకపోతే, చలికాలంలో చర్మం ఇంకా పొడిబారుతుంది.

కళ్ల సంగతి గట్టిగా చెప్పాలి. కళ్లు ఎర్రబడితే, మంట పుడితే రెండు చుక్కలు గులాబ్ జల్ వేయడం చాలా ఇళ్లలో పాత అలవాటు. యునానీ వైద్యంలో అర్ఖ్ గులాబ్‌కు స్థానం ఉన్న మాట నిజమే. కానీ కిరాణా కొట్టు సీసా కంటికోసం క్రిమిరహితంగా తయారైనది కాదు. అందులో వాసన రసాయనం, ప్రిజర్వేటివ్ ఉండొచ్చు, మూత తెరిచి నెలలు గడిచి ఉండొచ్చు. కంటి నల్లగుడ్డుకు ఇన్ఫెక్షన్ వస్తే చూపే పోవచ్చు. కంట్లో వేసేది కంటి చుక్కల మందు మాత్రమే కావాలి. మూసిన కనురెప్పల మీద తడి దూది పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

లేబుల్ మీద పదార్థాల జాబితా చదవండి. 'రోజ్ డిస్టిలేట్' లేదా 'రోజ్ ఫ్లవర్ వాటర్' అని మొదట ఉంటే అది ఆవిరి పట్టిన నీళ్లు. 'వాటర్, పర్ఫ్యూమ్, కలర్' అని ఉంటే అది వాసన కలిపిన నీళ్లు. గులాబీ రంగులో ఉన్న గులాబ్ జల్ అసలే వద్దు. ఆవిరి పట్టిన నీళ్లకు రంగు ఉండదు.

ఇంట్లోనే కావాలంటే కష్టం కాదు. లోతైన గిన్నె మధ్యలో ఒక చిన్న స్టాండు, దాని మీద ఖాళీ కప్పు. చుట్టూ నాటు గులాబీ రేకులు, అవి మునిగేంత నీళ్లు. గిన్నె మీద మూత తిరగేసి పెట్టి, దాని గుంతలో ఐసు ముక్కలు వేయాలి. సన్నని సెగ మీద ఉంచితే ఆవిరి మూతకు తగిలి చల్లారి కప్పులోకి చుక్కలు చుక్కలుగా జారుతుంది. అరగంట చాలు. రేకులు వేసి మరిగించి వడకట్టిన ఎర్ర నీళ్లు గులాబ్ జల్ కాదు, కషాయం, రెండో రోజుకే పాడవుతుంది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన దండ పూలతో చేయకపోవడం మంచిది, అవి పురుగుమందు కొట్టి పెంచినవి కావచ్చు. పెరటి పూలైతే నిశ్చింత. ఇంట్లో చేసింది ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో వాడేయాలి.

చుక్కల లెక్క

ఎసెన్షియల్ ఆయిల్‌ను నీళ్లు కలపని సారాయంలా... కాదు, ఆ పోలిక మన ఇళ్లలో నప్పదు. పచ్చిమిర్చి కారంలా అనుకోండి. కూరలో కలిస్తే రుచి, కంట్లో పడితే మంట. నేరుగా చర్మానికి రాయకూడదు, రోగన్ బాదాం, కొబ్బరి, నువ్వుల నూనె లాంటి దాంట్లో కలపాలి. ఒక మిల్లీలీటరుకు ఇంచుమించు 20 చుక్కలు. ముఖానికి ఒక శాతం దాటకూడదు, అంటే రెండు చెంచాల (పది మిల్లీలీటర్ల) నూనెకు రెండే చుక్కలు. ఒంటికి మాలిష్ అయితే నాలుగు చుక్కలు. మొటిమలు ఉన్నవాళ్లకు ముఖం మీద కొబ్బరి నూనె పనికిరాదు, రంధ్రాలు మూసుకుపోతాయి.

బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకుని స్నానం చేస్తే చాలా మంచిదని వీడియోల్లో చెబుతున్నారు. నూనె నీళ్లలో కరగదు కదా. పైన తేలి, మగ్గుతో ముంచినప్పుడు ఆ చుక్క అలాగే ఒంటి మీద పడుతుంది. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ఎక్కువ కాబట్టి అలా పడితే మంట, దద్దుర్లు ఖాయం.

టీ ట్రీ గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే దీనికి కొంత ఆధారం ఉంది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగుల మీద ఐదు శాతం టీ ట్రీ జెల్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, ఇబ్బందులు తక్కువ పెట్టింది. ఇక్కడ మాట ఐదు శాతం జెల్ గురించి, సీసాలోని వంద శాతం నూనె గురించి కాదు. తామర, సోరియాసిస్ లాంటి వాటి మీద ఇదే రాస్తూ నెలలు గడిపితే జబ్బు ముదురుతుంది.

కొత్తది ఏదైనా, నూనెలో కలిపాకే, మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు చూడాలి. ఎర్రబడకపోతే ముందుకు వెళ్లొచ్చు. పాతబడిన సీసాలతో ఇంకా జాగ్రత్త. లావెండర్, నారింజ లాంటి నూనెలు గాలి తగిలి మారిపోతే, కొత్తగా ఉన్నప్పటి కంటే ఎక్కువ అలర్జీ తెస్తాయి.

మెడ మీద నల్ల మచ్చలు

నిమ్మ, బెర్గమాట్ జాతి నూనెలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ కాలినట్టై, తర్వాత నల్లగా మచ్చ మిగులుతుంది. సెంటు జారిన దారిలోనే మెడ మీద గీతల్లా వచ్చే మచ్చలను చర్మ వైద్యులు ఎప్పటి నుంచో చూస్తున్నారు. ఎండ లేకున్నా, వాసన రసాయనాలు పడని వాళ్లకు దురద కూడా లేకుండానే నెమ్మదిగా నలుపు రావచ్చు. రోజూ అత్తరు రాసే చోటే, అంటే చెవి వెనక, మణికట్టు మీద, రంగు మారుతుంటే మొదట అత్తరు ఆపి చూడాలి. అత్తరు వదులుకోనక్కర్లేదు, కుర్తా లోపలి అంచుకు, షేర్వానీ అస్తరుకు రాస్తే వాసన ఎక్కువసేపు ఉంటుంది కూడా.

మెడ చుట్టూ మఖ్మల్‌లా దళసరిగా నల్లబడితే మాత్రం అది అత్తరు పని కాకపోవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. గులాబ్ జల్, నిమ్మరసం పెట్టి రుద్దడం మాని షుగర్ పరీక్ష చేయించాలి.

పిల్లలున్న ఇంట్లో

అసలు ప్రమాదం ఇక్కడుంది. జలుబు చేస్తే పసిపిల్లల ఛాతీకి, ముక్కు కింద నీలగిరి తైలం, కర్పూరం కలిపిన నూనె రాయడం మన దగ్గర మామూలు. రెండేళ్లలోపు పిల్లలకు ఇవి వద్దు. పెప్పర్‌మింట్, మెంథాల్ ముక్కు దగ్గర రాస్తే పసివాళ్లకు శ్వాస బిగుసుకోవచ్చు. కర్పూరం కానీ, నీలగిరి తైలం కానీ కడుపులోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి, అందుకు ఒకటి రెండు చెంచాలు కూడా అక్కర్లేదు. మిఠాయి వాసన వేసే చిన్న సీసా పిల్లవాడి చేతికి అందితే నోట్లోనే పెట్టుకుంటాడు. మింగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించకూడదు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పు నీళ్లు, పాలు అంటూ ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఎసెన్షియల్ ఆయిళ్లు వాడకూడదు. బట్టల మీద అత్తరుకు ఈ భయం అవసరం లేదు. తాగడానికి అమ్మే ఎసెన్షియల్ ఆయిళ్ల జోలికి ఎవరూ పోవద్దు.

మనసుకు హాయి

లావెండర్ వాసన నిద్రకు కొంచెం సాయపడుతుందని చిన్న అధ్యయనాలు కొన్ని చెప్పాయి. ఇష్టమైన వాసన మనసును కుదుటపరుస్తుందన్నది ఎవరికైనా అనుభవమే. దిగులుకు, ఆందోళనకు డాక్టర్ ఇచ్చిన మందు ఆపి డిఫ్యూజర్ పెట్టుకోవడం మాత్రం వేరే సంగతి, అలా చేయకూడదు. బఖూర్, ఊద్, అగరొత్తులు కూడా ఏ పొగైనా పొగే. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే కిటికీలు తెరిచి, వాళ్లు లేని గదిలో వెలిగించాలి.

కొనేటప్పుడు, చూపించుకునేటప్పుడు

ముఖానికి, ఒంటికి రాసుకునే సరుకుకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా లేబుల్ మీద ఉండాలి. విడిగా పోసిచ్చే అత్తరుకు ఇవేవీ ఉండవు కాబట్టి అది బట్టలకే. తులం లెక్కన ఇస్తే తులమంటే 11.66 గ్రాములని గుర్తుంచుకోండి. కొందరు పది మిల్లీలీటర్లు పోసి తులం డబ్బులు తీసుకుంటారు. బిల్లు మీద 'రూహ్', 'అత్తరు', 'సింథటిక్' అని ఏదో ఒకటి రాయించుకుంటే తర్వాత మాట్లాడటానికి కాగితం ఉంటుంది.

దురద, మచ్చలు, బొల్లి లాంటివి ఉంటే అత్తరు దుకాణం సలహా చాలదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ సంస్థ ఉంది, చర్మ వ్యాధులే దాని ప్రత్యేకత, బొల్లి చికిత్సకు చాలా ఏళ్లుగా పేరుంది. అల్లోపతి కావాలంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న నూనెలు, అత్తరు, గులాబ్ జల్ సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది ఏం రాస్తున్నారనే.